వేలల్లో కనెక్షన్లు, ఒక్క రెఫరల్ లేదు: ఆన్‌లైన్ పరిచయాలు పనిచేసే తీరు

హైదరాబాద్‌లో ఏ ఐటీ కంపెనీ మేనేజరైనా ‘మా టీమ్‌లో రెండు ఖాళీలున్నాయి’ అని ఉద్యోగ పరిచయాల వేదిక లింక్డిన్‌లో రాస్తే చాలు, గంట తిరిగేసరికి దాని కింద ‘ఇంట్రెస్టెడ్’, ‘ప్లీజ్ రిఫర్ మీ’ (మీ కంపెనీకి నా పేరు సిఫారసు చేయండి) అంటూ కామెంట్లు బారులు తీరతాయి. అలా రాసేవాళ్లలో చాలామందికి వందల్లో, కొందరికి వేలల్లో కనెక్షన్లు, అంటే అక్కడ జోడించుకున్న పరిచయాలు ఉంటాయి. జవాబు వచ్చేది మాత్రం అరుదు. మరోపక్క, బ్లాగులతో మొదలైన పరిచయాలు ఉద్యోగాలకూ ప్రచురణ సంస్థలకూ ప్రభుత్వ పదవులకూ దారితీసిన ఉదాహరణలు తెలుగులోనే ఉన్నాయి. ఒకరికి అక్కరకొచ్చిన సాధనం ఇంకొకరికి ఎందుకు రాలేదన్న ప్రశ్నకు అదృష్టం ఒక్కటే జవాబు కాదు.

సంక్షిప్తంగా

ఉద్యోగాల కబురు ఎక్కువగా దగ్గరివాళ్ల నుంచి రాదు, కాస్త ఎడంగా ఉన్న పరిచయస్తుల నుంచి వస్తుంది. సోషల్ మీడియా అలాంటి పరిచయాలను చవగ్గా పోగుచేస్తుంది. అయితే కబురు అందడం వేరు, మన తరఫున ఒకరు పూచీ పడటం వేరు. పూచీ పడాలంటే మన పనిని వాళ్లు పలుమార్లు చూసి ఉండాలి. 2006 తర్వాతి తెలుగు బ్లాగుల్లో ఆ వీలు ఉండేది, ఫేస్‌బుక్ లాంటివి ఒక్కొక్కరికీ ఏరి చూపే పోస్టుల వరసలో, అంటే నేటి ఫీడ్‌లలో, బాగా తగ్గింది. నకిలీ ప్రొఫైళ్లు, అమెరికా వీసా తనిఖీలు ఇప్పుడు దీనికి తోడయ్యాయి.

ఎడంగా ఉన్నవాళ్లే ఎందుకు పనికొస్తారు

ఈ విషయంలో అందరూ ఎత్తిచూపే పరిశోధన ఇంటర్నెట్‌కు ముందుది. అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ బోస్టన్ శివారు న్యూటన్‌లో కొత్తగా ఉద్యోగం మారినవాళ్లతో మాట్లాడి, ఆ కబురు ఎవరి ద్వారా తెలిసిందని అడిగారు. 1973లో అచ్చయిన ఆయన వ్యాసం ప్రకారం, పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో నూటికి 16.7 మందే ఆ కబురు చెప్పిన మనిషిని తరచుగా కలుస్తున్నారు. 55.6 శాతం మంది అప్పుడప్పుడు, 27.8 శాతం మంది ఏడాదికి ఒకసారో అంతకన్నా తక్కువో కలిసేవాళ్లు.

కారణం తేలికగానే అర్థమవుతుంది. దగ్గరి స్నేహితులు తిరిగేదీ మనం తిరిగే చోటే. వాళ్లకు తెలిసినది మనకూ తెలిసే ఉంటుంది. పాత ఆఫీసులో రెండు సీట్ల అవతల కూర్చున్న మనిషి ఇప్పుడు వేరే కంపెనీలో, వేరే ఊళ్లో, వేరే జనం మధ్య ఉన్నాడు. అక్కడి వార్త అతని ద్వారా తప్ప మనదాకా రాదు.

గ్రానొవెటర్ సర్వేలో ఉన్నవాళ్లు కొద్దిమందే. చాలా పెద్ద పరీక్ష 2022లో సైన్స్ పత్రికలో వెలువడింది. లింక్డిన్, ఎంఐటీ, హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్‌లకు చెందిన పరిశోధకులు, ‘మీకు తెలిసినవాళ్లు కావచ్చు’ అంటూ కనిపించే సూచనలను అయిదేళ్లపాటు వేర్వేరు జనాలకు వేర్వేరుగా చూపించి ఫలితాలు గమనించారు. ఇందులో ఉన్నవాళ్లు 2 కోట్లకు పైనే. తమ మీద ప్రయోగం జరుగుతోందని వాళ్లలో చాలామందికి తెలియకపోవడం మీద అప్పట్లో విమర్శలూ వచ్చాయి.

తేలినదేమిటంటే, బొత్తిగా తెలియనివాళ్లూ బాగా దగ్గరివాళ్లూ కాకుండా, మధ్యస్థంగా ఎడం ఉన్న పరిచయాలు ఉద్యోగ మార్పుకు ఎక్కువ తోడ్పడ్డాయి. పది మంది దాకా ఉమ్మడి పరిచయస్తులు ఉంటే మేలు ఎక్కువ, ఆపైన పెరిగేకొద్దీ తగ్గుతూ పోయింది. రెండో ఫలితాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు గానీ తెలుగు పాఠకులకు అదే ముఖ్యం: ఈ సూత్రం సాఫ్ట్‌వేర్ లాంటి డిజిటల్ రంగాల్లోనే బాగా పనిచేసింది. డిజిటల్ వాడకం తక్కువున్న రంగాల్లో దగ్గరి బంధాలదే పైచేయి. మాధాపూర్‌లో కోడ్ రాసే అమ్మాయికి చెప్పే సలహా మిర్యాలగూడ రైస్ మిల్లులో పని వెతుక్కునే కుర్రాడికి అతకదు. అతని విషయంలో మేనమామ ఫోన్ కాల్ ఇప్పటికీ లింక్డిన్ కన్నా బలమైనదే.

తెలుగు బ్లాగులు: నలుగురూ ఒకే చోట కలిసిన కాలం

తెలుగువాళ్లు ఇంటర్నెట్‌లో ఒకరికొకరు తారసపడటం బ్లాగులతో మొదలవలేదు. 1990లలోనే న్యూస్ గ్రూపుల్లో, ఆ తర్వాత ‘రచ్చబండ’ లాంటి యాహూ గ్రూపుల్లో చర్చలు నడిచేవి. 1998లో ‘ఈమాట’ వెబ్ పత్రిక వచ్చింది. వీటిలో ఎక్కువమంది అమెరికాలో ఉన్నవాళ్లు, రాసేది చాలావరకు ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు. సొంత లిపిలో రాయడం మామూలు కంప్యూటర్ మీద సులువైన పని కాదు. విండోస్ ఎక్స్‌పీలో తెలుగు ఫాంట్ వచ్చాక, 2006 ప్రాంతంలో వీవెన్ రూపొందించిన ‘లేఖిని’ తోడయ్యాక ఆ అడ్డు తొలగింది. బ్రౌజర్‌లో ఇంగ్లిష్ అక్షరాలు కొడితే పక్కనే తెలుగు వచ్చేది. అప్పటికే గూగుల్ చేతిలో ఉన్న బ్లాగుల వేదిక ‘బ్లాగర్’లో ఖాతా ఉచితం. ఇక బ్లాగు మొదలుపెట్టడానికి కావలసింది తీరిక, చెప్పుకోవడానికి ఏదో ఒక సంగతి.

అయితే బ్లాగులు పుట్టడం ఒక ఎత్తు, వాటి మధ్య బంధాలు ఏర్పడటం ఇంకో ఎత్తు. ఆ రెండో పని సంకలినులు, అంటే బ్లాగులన్నిటి కొత్త రాతలను ఒకే పేజీలో చూపే సైట్లు చేశాయి. ‘కూడలి’ అందులో అందరికీ తెలిసినది. తర్వాత జల్లెడ, హారం, మాలిక వచ్చాయి. ఎవరు కొత్త టపా (బ్లాగు పోస్టు) రాసినా ఆ పేజీలో పైన కనబడేది, ఇంకొకరు రాస్తే కిందికి జరిగేది. వరస కాలాన్ని బట్టే. ఎవరికి ఏది చూపాలో నిర్ణయించే లెక్క ఏదీ లేదు. పేజీ తెరిచిన ప్రతి ఒక్కరికీ కనబడేది అదే జాబితా. తొలి ఏళ్లలో రోజుకు వచ్చే టపాలు ఓపికున్న మనిషి అన్నీ చదవగలిగినన్నే ఉండేవి.

ఫలితంగా అవే పేర్లు మళ్లీమళ్లీ ఎదురయ్యేవి. వంటల బ్లాగు రాసే గృహిణి వ్యాఖ్య ఛందస్సు టపా కింద కనిపించేది, బెంగళూరు సాఫ్ట్‌వేర్ ఇంజనీరు వ్యాఖ్య పల్లెటూరి జ్ఞాపకాల కింద. కొత్తగా బ్లాగు తెరిచినవాళ్లకు ‘స్వాగతం, ముందు ఆ వర్డ్ వెరిఫికేషన్ (వ్యాఖ్య రాసేముందు వంకర అక్షరాలు కొట్టించే పరీక్ష) తీసేయండి’ అన్న వ్యాఖ్య దాదాపు ఆచారంలా పడేది. ఒక మనిషి ఎలా రాస్తాడో, ఎదుటివాళ్ల రాత మీద ఎలా స్పందిస్తాడో, గొడవ వస్తే ఎలా మాట్లాడతాడో, తప్పు చూపిస్తే దిద్దుకుంటాడో లేదో అన్నీ నలుగురి ముందే తేలిపోయేవి. ముఖం ఎన్నడూ చూడకపోయినా, ఏడాది తిరిగేసరికి ఆ మనిషి మీద ఒక అంచనా ఏర్పడేది. ఇక్కడ ఎవరూ ఎవరినీ ఏదీ అడగడం లేదు. నెట్‌వర్కింగ్ అన్న మాటే అప్పుడు వినబడేది తక్కువ. బంధాలు గట్టిపడటానికి అది కూడా ఒక కారణం కావచ్చు.

అక్కడి నుంచి బయటి పనుల్లోకి దారి పడింది. హైదరాబాద్ యూసుఫ్‌గూడ దగ్గరి కృష్ణకాంత్ పార్కులో బ్లాగర్లు, తెలుగు వికీపీడియా రచయితలు నెలనెలా కలుసుకునేవాళ్లు. ‘ఈ-తెలుగు’ అనే సంస్థ ఏర్పడింది. హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో స్టాల్ పెట్టి, కంప్యూటర్‌లో తెలుగు ఎలా రాయాలో వచ్చేపోయేవాళ్లకు చూపించేవాళ్లు. 2003 డిసెంబర్‌లో మొదలై కొన్నాళ్లు నత్తనడకన సాగిన తెలుగు వికీపీడియాకు కొత్త చేతులు దొరికింది ఎక్కువగా ఈ గుంపులోనే. మహిళా బ్లాగర్లు ‘ప్రమదావనం’ పేరుతో ఒక చోట చేరారు.

వృత్తిపరమైన ఫలితాలూ కనబడతాయి. వెంకట్ సిద్దారెడ్డి సినిమా విశ్లేషణల కోసం ‘నవతరంగం’ అనే వెబ్‌సైట్ నడిపారు. తర్వాత సినిమా రంగంలోకి వచ్చారు, అన్వీక్షికి ప్రచురణ సంస్థతో కొత్త రచయితల పుస్తకాలు తెచ్చారు. నవతరంగంలో రాసిన కత్తి మహేశ్ సినిమాలకూ టీవీ చర్చలకూ వెళ్లారు. 2009లో మొదలైన ‘పుస్తకం.నెట్’ పుస్తకాల మీద రాసేవాళ్లకు అడ్డా అయింది. తెలంగాణ ఉద్యమ కాలంలో బ్లాగరుగా పేరుపడిన కొణతం దిలీప్ రాష్ట్రం వచ్చాక ప్రభుత్వ డిజిటల్ మీడియా విభాగం డైరెక్టర్ అయ్యారు. వీళ్లెవరికీ బ్లాగు నేరుగా ఉద్యోగం ఇచ్చిందని చెప్పలేం. వాళ్లకు ఏం చేతనవునో ముందే నలుగురికీ తెలిసేలా చేసింది. ఒక హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పాలి. ఇప్పుడు కనబడే పేర్లు నిలదొక్కుకున్నవాళ్లవి. పది టపాలు రాసి మానేసిన బ్లాగులు వందల్లో ఉన్నాయి, వాటి కథ ఎవరూ రాయరు.

ఆ కాలాన్ని మరీ నెత్తికెత్తుకోనక్కర్లేదు కూడా. పేరు లేకుండా ‘అజ్ఞాత’గా వచ్చి తిట్టిపోసేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ముఖ్యంగా ఆడవాళ్ల బ్లాగుల్లో. 2009 చివర్లో తెలంగాణ ప్రకటన వచ్చాక వ్యాఖ్యల పెట్టెలు యుద్ధభూములయ్యాయి. అంతవరకూ కవిత్వం మీద మాట్లాడుకున్నవాళ్లు కొందరు ఒకరి బ్లాగు ఒకరు చూడటం మానేశారు. అందరూ ఒకే పేజీలో ఉండటం కలుపుతుంది, తగవు పెద్దదైతే తప్పించుకునే చోటు లేకుండానూ చేస్తుంది.

ఫీడ్ వచ్చాక

తర్వాత జనం ఫేస్‌బుక్‌కు మళ్లారు. సంకలినుల జోరు తగ్గింది. 2013 జూలైలో, ఎంచుకున్న బ్లాగుల కొత్త రాతలను ఒకచోట చూపే గూగుల్ రీడర్ మూతపడటంతో, నచ్చిన బ్లాగులను వరసగా చదివే అలవాటుకూ దెబ్బ తగిలింది. ఫీడ్ పద్ధతిలో అందరికీ ఒకే పేజీ అన్నది ఉండదు. ఎవరి స్పందనను బట్టి వాళ్లకు ఏరి చూపుతుంది. ఒకరు రాసినదాన్ని అయిదువేల మంది మిత్రుల్లో ఎందరు చూశారో రాసినవాళ్లకే తెలియదు. ఒకసారి నచ్చిన మనిషి రాత మళ్లీ కంటపడటం ఫీడ్ దయ. తెలియనివాళ్లు పదేపదే తారసపడి తెలిసినవాళ్లుగా మారే ప్రక్రియ తెగేది సరిగ్గా ఇక్కడే.

వాట్సాప్ గ్రూపుల్లో వరస ఉంటుంది, అందరికీ ఒకటే కనబడుతుంది. కానీ లోపలికి రావాలంటే ఎవరో ఒకరు చేర్చాలి. అందుకే అవి ఎక్కువగా కాలేజీ బ్యాచ్, అపార్ట్‌మెంట్, బంధువులు, కులం గీతల మీదే నడుస్తాయి. మన దగ్గర ఉద్యోగ సాయం తరతరాలుగా ఈ గీతల మీదే నడిచింది. బ్లాగు పరిచయాల ప్రత్యేకత, కులం, ఊరు తెలియకముందే రాత తెలియడం. ఫేస్‌బుక్‌లో కుల సంఘాల గ్రూపులకు కొదవలేదు కాబట్టి, ఆన్‌లైన్‌కు వస్తే పాత గీతలు చెరిగిపోతాయన్న నమ్మకానికి పెద్ద ఆధారం లేదు.

వేదిక మూతపడితే బంధాలు ఏమవుతాయన్నది ఇంకో ప్రశ్న. ఆర్కుట్ 2014 సెప్టెంబర్ 30న, గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో, యాహూ గ్రూపులు 2020 డిసెంబర్‌లో ఆగిపోయాయి. వాటితోపాటు ఏళ్ల తరబడి నడిచిన చర్చలూ మాయమయ్యాయి. మెయిల్ చిరునామాలు ఇచ్చిపుచ్చుకున్నవాళ్లు, ఎక్కడో ఒకచోట ముఖాముఖి కలిసినవాళ్లు మిగిలారు. సొంత డొమైన్ మీద రాసినవాళ్ల రాత మిగిలింది. వేదికను పరిచయానికి వాడుకుని, పరిచయం కుదిరాక దాని మీద ఆధారపడకుండా చూసుకోవడమే ఆచరణలో పనికొచ్చింది.

రెఫరల్ ఎందుకు రాదు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చు. లింక్డిన్‌లో ఒకరికి 30,000 దాకా కనెక్షన్లు ఉండవచ్చు. మనిషి స్థిరంగా నిలబెట్టుకోగల సంబంధాలు సుమారు 150 అని బ్రిటిష్ పరిశోధకుడు రాబిన్ డన్‌బార్ 1990లలో అంచనా వేశారు. ఆ అంకె మీద వాదాలున్నా, ఈ రెండింటి మధ్య దూరం చూస్తే మిగతా పేర్లు ఏమిటో తెలుస్తుంది. అవి చిరునామా పుస్తకంలో ఎంట్రీలు.

కబురు చేరడానికి ఆ ఎంట్రీ చాలు. రెఫరల్‌కు చాలదు. చాలా కంపెనీల్లో ఉద్యోగి ఎవరినైనా రిఫర్ చేస్తే ఆ దరఖాస్తు మీద అతని పేరు పడుతుంది. అభ్యర్థి చేరి కొన్ని నెలలు నిలబడితే బోనస్ వస్తుంది. ఇంటర్వ్యూలో తేలిపోతే, రెజ్యూమెలో అబద్ధాలు బయటపడితే, తర్వాత అతను పంపే పేర్లకు హెచ్‌ఆర్ దగ్గర విలువ పడిపోతుంది. పెళ్లి సంబంధం చెప్పే పెద్దమనిషి ఇబ్బందీ ఇదే: కుదిరితే సరే, బెడిసికొడితే మాట వచ్చేది ఆయనకే. ముక్కూమొహం తెలియని వందమందిలో ఒకరి కోసం ఆ మాట పడటానికి ఎవరు ముందుకొస్తారు? బోనస్ కోసం ఎవరి రెజ్యూమె అయినా ఎక్కించేవాళ్లు ఉన్నారు, నిజమే. హెచ్‌ఆర్‌కూ వాళ్లెవరో తెలుసు.

కాబట్టి అడిగే మెసేజ్ ఎంత మర్యాదగా ఉందన్నది చిన్న విషయం. ఆ మెసేజ్‌కు ముందు అవతలి మనిషి ఏం చూశాడన్నదే లెక్కకొస్తుంది. ఒక సాఫ్ట్‌వేర్ సమస్యను ఎలా విప్పారో దశలవారీగా రాసిన పోస్టు, కోడ్ పంచుకునే సైటు గిట్‌హబ్‌లో ఇతరుల ప్రాజెక్టుకు చేసిన సవరణ, ఎవరో అడిగిన సందేహానికి ఓపిగ్గా ఇచ్చిన జవాబు: ఇవన్నీ చూసినవాడికి సాక్ష్యాలు. జీఎస్టీ మార్పులను తేలిక తెలుగులో వివరించే ఆడిటరుకూ, మిరప తెగులు ఫొటో చూసి మందు సంగతి చెప్పే వ్యవసాయ అధికారికీ ఇదే వర్తిస్తుంది. ‘కంగ్రాట్స్’, ‘వెరీ ఇన్‌స్పైరింగ్’ అన్న కామెంట్లు వంద రాసినా సాక్ష్యం కింద జమ కావు. ఈమధ్య ఏఐతో రాయించిన పోస్టులు, కామెంట్లు లింక్డిన్‌లో కుప్పలుగా పడుతున్నాయి. నున్నటి రాత చవకైపోయింది గనక, సొంతంగా చేసిన పని వివరాలకే విలువ పెరుగుతుందని అనుకోవచ్చు.

ఇందులో అన్యాయం కూడా ఉంది. ఇలా కనబడేలా పని చేయడానికి తీరిక, లాప్‌టాప్, చాలాసార్లు ఇంగ్లిష్ కావాలి. జిల్లా కాలేజీలో చదివి, సాయంత్రాలు కుటుంబం కోసం పనిచేసే విద్యార్థికి అవి లేకపోవచ్చు. అతనిలో నైపుణ్యం ఉన్నా చూసేవాళ్లు లేరు.

ఆడవాళ్లకు ఖర్చు ఎక్కువ

తెలియనివాళ్లకు అందుబాటులో ఉంటేనే కొత్త పరిచయాలు వస్తాయి. మగవాళ్లకు దీని ఖర్చు కాస్త సమయం. ఆడవాళ్లకు ఇన్‌బాక్స్ వేధింపులు, ఫొటోల దుర్వినియోగం, ఇంట్లో ప్రశ్నలు. ఫేస్‌బుక్ 2020 మేలో భారత్‌లో ప్రొఫైల్ లాక్ సదుపాయం తెచ్చింది ఈ భయాన్ని చూసే. లాక్ వేస్తే రక్షణ దొరుకుతుంది, దాంతోపాటే కొత్త పరిచయాల దారీ మూసుకుపోతుంది. బ్లాగుల కాలంలో కలం పేరు ఈ చిక్కును కొంత తీర్చింది. ముఖం, ఊరు చెప్పకుండానే రాతతో పేరు తెచ్చుకునే వీలుండేది. అసలు పేరు, ఫొటో, ఆఫీసు అన్నీ అడిగే లింక్డిన్‌లో ఆ వీలు లేదు.

ఉమ్మడి మిత్రుడు అన్న ఎర

ఎడం పరిచయాలను నమ్మే అలవాటు మోసగాళ్లకూ తెలుసు. కలెక్టరు, పోలీసు అధికారి ఫొటోతో నకిలీ ఖాతా తెరుస్తారు. ముందు ఒకరిద్దరికి రిక్వెస్ట్ పంపుతారు. వాళ్లు ఒప్పుకుంటే, తర్వాతివాళ్లకు ‘ఉమ్మడి మిత్రులు’ కనబడి అనుమానం తగ్గుతుంది. ఆపైన ‘తెలిసిన ఆఫీసరుకు బదిలీ అయింది, ఫర్నిచర్ తక్కువకు ఇచ్చేస్తున్నాడు’ అని మెసేజ్. రెండు రాష్ట్రాల్లోనూ ఇది పాతబడిన మోసమే, అయినా పడేవాళ్లు పడుతూనే ఉన్నారు.

ఉద్యోగాల పేరుతో జరిగేది ఇంతకన్నా ఘోరం. విదేశాల్లో డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి యువకులను కంబోడియాకు పంపి, అక్కడ బలవంతంగా సైబర్ నేరాలు చేయించిన వ్యవహారాన్ని 2024 మేలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు. 2025 మార్చిలో మయన్మార్ సరిహద్దు శిబిరాల నుంచి వందల మంది భారతీయులను వాయుసేన విమానాల్లో తీసుకొచ్చారు, అందులో తెలుగువాళ్లూ ఉన్నారు. ఇలాంటి వలల్లో మొదటి పరిచయం చాలాసార్లు ఆన్‌లైన్‌లోనో, తెలిసిన ఏజెంటు ద్వారానో కలుస్తుంది. విదేశీ ఉద్యోగమైతే ఏజెంటుకు కేంద్రం ఈమైగ్రేట్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసుకోవచ్చు. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి, ఆలస్యమయ్యేకొద్దీ సొమ్మును ఆపే అవకాశం తగ్గుతుంది.

వీసా అధికారి కూడా చదువుతాడు

అమెరికా వెళ్లే తెలుగువాళ్లకు మరో లెక్క వచ్చిపడింది. వీసా దరఖాస్తులో గత అయిదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాల పేర్లు రాయాలన్న నిబంధన 2019 నుంచే ఉంది. 2025 జూన్‌లో ఎఫ్, ఎం, జే వీసాలు కోరే విద్యార్థులు, పరిశోధకులు తమ ప్రొఫైళ్లను అందరికీ కనబడేలా ఉంచాలని అమెరికా విదేశాంగ శాఖ చెప్పింది. 2025 డిసెంబర్ 15 నుంచి హెచ్-1బి ఉద్యోగ వీసా కోరేవాళ్లకూ, వాళ్ల మీద ఆధారపడిన హెచ్-4 దరఖాస్తుదారులకూ దీన్ని వర్తింపజేశారు. ఆ నెల అపాయింట్‌మెంట్లు భారత్‌లో చాలావరకు నెలల తరబడి వాయిదా పడ్డాయి. స్టాంపింగ్ (పాస్‌పోర్టులో వీసా ముద్ర) కోసం సెలవు పెట్టి వచ్చినవాళ్లు ఇక్కడే చిక్కుకుపోయారు.

దీని ప్రభావం రాతల మీద పడకుండా ఉండదు. రాజకీయాల మీద అభిప్రాయం చెప్పేవాళ్లు తగ్గుతారు, పాత పోస్టులు తీసేసేవాళ్లు పెరుగుతారు. ఖాతాలు ఉండి రాయకుండా వదిలేస్తే సమాచారం దాచినట్టు అవుతుంది, వీసా తిరస్కరించడానికి అదే కారణం కావచ్చు. లింక్డిన్‌లోని ఉద్యోగ తేదీలకూ దరఖాస్తులోని తేదీలకూ తేడా వచ్చినా ప్రశ్నలు తప్పవు. రెజ్యూమెలో లేని అనుభవం చూపించడానికి అలవాటుపడ్డ కొన్ని కన్సల్టెన్సీల అభ్యర్థులకు ఇది నేరుగా తగులుతుంది.

ఇంకా ఇరకాటంలో పడేది వేధింపుల భయంతో ఏళ్లుగా ప్రొఫైల్‌కు లాక్ వేసుకున్న అమ్మాయిలు. అమెరికాలో ఎమ్మెస్‌కు సీటు వచ్చి వీసాకు దరఖాస్తు చేస్తే, తాళం ఒక్క వీసా అధికారికే తీయడం కుదరదు. ఆయన చూసేదాకా అది ఊరందరికీ తెరిచే ఉంటుంది.